పాత సైనిక తుపాకులకు కొత్త నకళ్లు: గిరాకీ ఎక్కడుంది, పని ఎక్కడ తప్పుతోంది

(నెల్లూరు పురమందిరంలో చెక్కపనివారు, నాటక సమాజాలవాళ్లు, ఎన్‌సీసీ క్యాడెట్లు, చరిత్ర విద్యార్థులు కలిసిన సభలో చేసిన ప్రసంగానికి లిఖిత పాఠం)

పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, పిల్లలకు నమస్కారం.

ఈ బల్ల మీద రెండు తుపాకులు పెట్టాను. రెండూ పేలవు. ఎడమ పక్కది స్పెయిన్ నుంచి వచ్చిన జింకు పోత. కుడి పక్కది ఉత్తరాదిలో చేసిన బ్రౌన్ బెస్ నకలు. బ్రౌన్ బెస్ అంటే బ్రిటిష్ సైన్యపు పాత చెకుముకి మస్కెట్. దానికి గొట్టం బదులు నిండు ఇనుప కడ్డీ వేసి, మూతి దగ్గర రెండంగుళాలు మాత్రం తొలిచారు. రంజకం గిన్నె నుంచి లోపలికి నిప్పు వెళ్లే రంధ్రం అసలు వేయలేదు. సభ అయ్యాక వచ్చి చేత్తో పట్టుకుని చూడండి. అప్పుడు కన్ను ఎక్కడ పెట్టాలో ఇప్పుడు చెప్తాను.

ఈ వ్యాపారం గురించి ఎవరైనా ముందు అడిగేది ధర. ధర సంగతి తర్వాత చూద్దాం. ముందు తేల్చుకోవాల్సింది అసలుది ఎందుకు దొరకడం లేదన్నది. అసలుది చవగ్గా దొరికినంత కాలం నకలును ఎవరూ కొనరు. అది దొరకడం మానేసిన రోజునే నకలుకు మార్కెట్ పుడుతుంది. అలా పుట్టిన మార్కెట్‌లో చివరిదాకా నిలబడేది కొలత తప్పని సరుకే. నేను చెప్పబోయేదంతా ఈ రెండు మాటల చుట్టూనే తిరుగుతుంది.

1950లో అమెరికాలో నార్త్-సౌత్ స్కర్మిష్ అసోసియేషన్ మొదలైంది. అంతర్యుద్ధం నాటి తుపాకులతో గురి పోటీలు పెట్టుకునే సంఘం అది. మొదట్లో అసలు తుపాకులే వాడేవాళ్లు. 1961 నుంచి 1965 వరకు ఆ యుద్ధానికి నూరేళ్ల ఉత్సవాలు జరిగాయి. ఆనాటి సైనికుల వేషం కట్టి మైదానంలోకి దిగేవాళ్లు ఒక్కసారిగా పెరిగారు. తుపాకులు మాత్రం ఉన్నవే ఉన్నాయి. నూరేళ్ల నాటి కర్ర చీలుతోంది, స్ప్రింగులు విరుగుతున్నాయి, బాగున్నవాటిని సేకరించేవాళ్లు అద్దాల బీరువాల్లో పెట్టేసుకుంటున్నారు. న్యూజెర్సీలో నేవీ ఆర్మ్స్ నడిపిన వాల్ ఫోర్గెట్ లాంటి వ్యాపారులు అప్పుడు ఇటలీ వైపు చూశారు. బ్రెషా నగరానికి ఎగువన వాల్ ట్రోంపియా అనే లోయ, అందులో గార్డోనే అనే ఊరు ఉన్నాయి. శతాబ్దాలుగా తుపాకుల పని మీదే బతికిన లోయ అది. పెదెర్సోలీ 1957లో, ఉబెర్తీ 1959లో, ఈ రెండు నకళ్ల కంపెనీలూ ఆ ప్రాంతంలోనే మొదలయ్యాయి. ముందు రివాల్వర్లు, ఆ వెనక పొడవు తుపాకులు వచ్చాయి. 1976లో అమెరికా స్వాతంత్ర్యానికి రెండు వందల ఏళ్లు నిండినప్పుడు బ్రౌన్ బెస్, ఫ్రెంచివాళ్ల షార్లెవిల్ నకళ్లకు మరో విడత గిరాకీ వచ్చింది.

చట్టం కూడా కలిసొచ్చింది. 1968 నాటి అమెరికా తుపాకుల చట్టం 1898 వరకు తయారైనవాటిని పురాతన ఆయుధాల లెక్కలో వేసింది. నల్ల తుపాకిమందు కూరి మూతివైపు నుంచి నింపే తుపాకుల నకళ్లకు కూడా ఆ చట్టం, దాని తర్వాతి సవరణలు అదే వెసులుబాటు ఇచ్చాయి. బ్రిటన్‌లో అలా కాదు. అక్కడ గొట్టం లోపల మెలి తిరిగిన గాళ్లు, అంటే మరలు, ఉన్న నకలుకు ఫైరార్మ్ సర్టిఫికెట్, మరల్లేని పొడవు మస్కెట్‌కు షాట్‌గన్ సర్టిఫికెట్ కావాలి. మన దగ్గర పేలేదానికి లైసెన్సు లేకుండా కుదరదు. దాని గురించి తర్వాత వివరంగా చెప్తాను.

అసలు సరుకు నకలును ఎలా తినేస్తుందో చెప్పడానికి మన పక్క దేశంలోనే ఉదాహరణ ఉంది. కాఠ్మాండూలో లగన్ శిలేఖానా అనే పాత రాజ ఆయుధాగారం ఉండేది. 2003లో రెండు అమెరికన్ వ్యాపార సంస్థలు ఆ నిల్వను కొన్నాయి. 19వ శతాబ్దపు బ్రిటిష్ రైఫిళ్లయిన మార్టినీ-హెన్రీలు, ఎన్‌ఫీల్డులు, వాటితో పాటు బ్రౌన్ బెస్‌లు వేలకొద్దీ బయటికొచ్చాయి. మార్టినీ-హెన్రీ అంత పేరున్న తుపాకీ. అయినా పెద్ద కంపెనీలు దాని నకలు జోలికి వెళ్లలేదు. కారణం ఆ నిల్వేనని నా అభిప్రాయం. అసలుది, తుప్పు పట్టిందే అయినా, నకలు కన్నా తక్కువకు వస్తుంటే అచ్చుల మీద పెట్టుబడి ఎవరు పెడతారు?

దీనికి తలకిందుల ఉదాహరణ 20వ శతాబ్దపు రైఫిళ్లు. ఇవి మన పనికి దూరం కాబట్టి క్లుప్తంగా చెప్తాను. అమెరికాలో 1986 మే తర్వాత కొత్త ఆటోమేటిక్ తుపాకీ సామాన్య పౌరుడికి అమ్మే వీల్లేదు. అందుకే ఆనాటి సైనిక రైఫిళ్లకు సెమీ ఆటోమేటిక్ నకళ్లు పుట్టుకొచ్చాయి. 2005 నుంచి విడిభాగాల పెట్టెల్లో బ్యారెళ్లను దిగుమతి చేసుకోవడం ఆగింది. బ్యారెళ్లు అక్కడే చేయడం లాభసాటి అయింది. యూరప్‌లో 2016 ఏప్రిల్ నుంచి పనిచేయకుండా చేసిన పాత తుపాకుల మీద కొత్త నిబంధనలు అమల్లోకి వచ్చాయి. లోపలి భాగాలన్నీ వెల్డింగుతో బిగుసుకుపోతే చేతిలో ఆడించి చూడాలనుకునేవాడికి అందులో ఏం మిగులుతుంది? వాళ్లలో చాలామంది పేలని నకళ్ల వైపు మళ్లారు. జింకు పోతల వ్యాపారానికి అది బలమిచ్చింది.

ఇక కొలత సంగతి. ఈ రంగంలో అందరూ గౌరవంగా చెప్పుకునే పేరు బర్మింగ్‌హామ్‌కు చెందిన పార్కర్-హేల్. వాళ్లు 1970లలో 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ వరసను మళ్లీ చేశారు. ఆనాటి ప్రభుత్వ గేజీల నుంచి కొలతలు తీసుకుని చేశారు. గొట్టాన్ని కర్రకు బిగించే పట్టీలు మూడున్న పొడవు రైఫిల్‌కు 39 అంగుళాల గొట్టం, మూడు గాళ్లు, 78 అంగుళాలకు ఒక చుట్టు. రెండు పట్టీల నావికా రైఫిల్‌కు 33 అంగుళాల గొట్టం, అయిదు గాళ్లు, 48 అంగుళాలకు ఒక చుట్టు. గాళ్ల లోతు మూతి దగ్గర తక్కువ, వెనక్కి పోయేకొద్దీ ఎక్కువ. ఆ లోతు తేడాను కూడా వాళ్లు వదల్లేదు. ఆ తుపాకుల తయారీ ఎప్పుడో ఆగిపోయింది. ఇప్పటికీ పాత బర్మింగ్‌హామ్ పార్కర్-హేల్ కనిపిస్తే కొత్త ఇటలీ నకలు కన్నా ఎక్కువిచ్చి కొనేవాళ్లున్నారు. నకలు అయ్యుండి పాతబడేకొద్దీ విలువ పెరిగిన సరుకు చాలా అరుదు. ఇది అలాంటిది.

కొలత తప్పితే ఏమవుతుందో చూడండి. ఎన్‌ఫీల్డ్ కొలత 0.577 అంగుళం, అమెరికా స్ప్రింగ్‌ఫీల్డ్‌ది 0.58. తేడా వెంట్రుక వాసి. అచ్చు ఖర్చు మిగుల్తుందని కొందరు రెంటికీ ఒకే గొట్టం వేశారు. వీటిలో వాడే మినియే తూటాకు అడుగు బోలుగా ఉంటుంది. పేలినప్పుడు ఆ అడుగు విచ్చుకుని గాళ్లను పట్టుకోవాలి. తూటాకూ గొట్టానికీ అంగుళంలో వెయ్యో వంతు, మహా అయితే రెండు వంతులు తేడా ఉంటే సరిగ్గా పడుతుంది. ఎక్కువ వదులైతే గురి పోతుంది. మరీ బిగువైతే నాలుగు గుండ్లు కాల్చేసరికి మసి పేరుకుని అయిదోది దిగదు. అందుకే తెలిసినవాడు గొట్టం మీద రాసిన అంకెను నమ్మడు. గొట్టాన్ని కొలిచి చూసుకుంటాడు.

కొన్నిసార్లు కొలత కావాలనే మారుస్తారు. 1860 నాటి హెన్రీ రైఫిల్‌కు 0.44 రిమ్‌ఫైర్ తూటా, అంటే అడుగు అంచున కొడితే పేలేది, ఉండేది. ఆ తూటా ఇప్పుడు ఎవరూ చేయరు. అందుకని ఉబెర్తీ నకలు 44-40, 45 కోల్ట్ తూటాలకు వస్తుంది. ఆ తూటాలు అసలుదాని కన్నా పొడవు. లోపలి అమరిక వాటికి తగ్గట్టు మారింది. దీన్ని తప్పు అనకూడదు. కాల్చడానికి కొనేవాడికి తూటా దొరకాలి కదా. గోడకు తగిలించుకునేవాడు మాత్రం ఈ తేడా తెలిసి కొనాలి.

వేషం కట్టేవాళ్ల బాధ వేరు. వాళ్లకు గాళ్లతో పని లేదు. పైకి కనిపించేదంతా సరిగ్గా ఉండాలి. ఇటలీ నకళ్ల గొట్టం మీద తయారీదారు పేరు, కొలత, 'నల్ల తుపాకిమందుకు మాత్రమే' అన్న హెచ్చరిక, గార్డోనే పరీక్షశాల ముద్ర కళ్లకు కొట్టినట్టు ఉంటాయి. ఆ ముద్రల పక్కనే సంవత్సరం సంకేతం ఉంటుంది. 1975 నుంచి రెండక్షరాల వరస మొదలైంది: ఆ ఏడాదికి ఏఏ, మరుసటి ఏడాదికి ఏబీ. వాడిన నకలు కొనేవాడికి వయసు తేల్చే దారి అది. ఈ ఆధునిక గుర్తుల్ని అడుక్కి మార్చి, కర్రను సన్నగా గీసి, వార్నిష్ తీసి నూనె పట్టించి, పట్టీల ఆకారం సరిచేసే పనికి అక్కడ ప్రత్యేకంగా పనివాళ్లున్నారు. డీఫార్బింగ్ అంటారు దాన్ని. ఆ కూలికి జనం సంతోషంగా డబ్బిస్తారు. ఇది మన చెక్కపనివాళ్లు మనసులో పెట్టుకోవాల్సిన విషయం. ఫ్యాక్టరీ వదిలేసిన కర్ర పనిని పూర్తి చేసినందుకే వాళ్లకు ఆ డబ్బు వస్తోంది.

ఇప్పుడు మన దేశంలో చేసే సరుకు దగ్గరికి వద్దాం. మీరట్, డెహ్రాడూన్, ఉదయపూర్ వైపు చేసే చెకుముకి మస్కెట్లు కెనడా, అమెరికా, బ్రిటన్ వేషధారుల చేతుల్లో చాలా కనిపిస్తాయి. ఇటలీ బ్రౌన్ బెస్ వెయ్యి డాలర్ల పైమాటే. మనది అందులో సగానికి అటూ ఇటూ. నిప్పు రంధ్రం వేయకుండా పంపుతారు కాబట్టి అలంకార వస్తువుగా దాటుతుంది. పైగా ఇటలీవాళ్లు తలపెట్టని నమూనాలు మనవాళ్లు చేస్తారు. పాత డచ్చి మస్కెట్, 1717 ఫ్రెంచి మస్కెట్ లాంటివి కావాలంటే ఇక్కడి నుంచే వెళ్లాలి. అది మనవాళ్లు సాధించిన గొప్ప. అయినా అక్కడి అనుభవజ్ఞులు మన సరుకు గురించి గొణుగుతూనే ఉంటారు. వాళ్ల గొణుగుడులో న్యాయముంది. ఈ కుడి పక్క తుపాకీ మీదే చూపిస్తాను.

ముందు లాక్ పలక, అంటే పేల్చే యంత్రాన్ని (లాక్‌ను) మోసే పక్క పలక. కిరీటం, 'టవర్' అన్న మాట, ఈస్టిండియా కంపెనీ హృదయం గుర్తు చెక్కారు. ఆ గుర్తును కంపెనీ 1808 దాకా వాడి, ఆ తర్వాత ముందుకాళ్లెత్తిన సింహానికి మారింది. ఇప్పుడు చెకుముకి రాయిని పట్టుకునే గుర్రాన్ని చూడండి. మెడ దగ్గర ఉంగరంలా కలిసి ఉంది. బ్రౌన్ బెస్‌లో ఇండియా ప్యాటర్న్ అనే రకానికి ఉంగరం మెడ గుర్రం 1809లో వచ్చింది. అంతకు ముందు హంస మెడలా సన్నగా వంగి ఉండేది. అంటే ఈ పలక ఒక కాలానిది, గుర్రం ఇంకో కాలానిది. చేసినవాడు ఏ పాపం ఎరగడు. రెండు వేరువేరు ఫొటోలు చూసి చేశాడు. అక్షరాల లోతు ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒక్కలా ఉండటం కూడా గమనించండి. ఆనాటి చేతి ఉలి గీత మొదట సన్నగా దిగి, మధ్యలో లోతై, చివర తేలిపోతుంది.

గుర్రం కొట్టే ఉక్కు పలక చూడండి. నిప్పురవ్వ రాయి నుంచి వస్తుందని చాలామంది అనుకుంటారు. రాయి ఉక్కును గీసి సన్నని పొట్టు లేపుతుంది, ఆ పొట్టు వేడికి మండుతుంది, అదే రవ్వ. కాబట్టి ఉక్కు పలక బాగా గట్టిపడి ఉండాలి. మెత్తని ఇనుము మీద పైపొర మాత్రం గట్టిపరిస్తే కొన్నాళ్లు రవ్వలు వచ్చి, ఆ పొర అరిగాక ఆగిపోతాయి. మన సరుకు మీద వచ్చే ఫిర్యాదుల్లో తరచుగా వినపడేది ఇదే. రెండోది స్ప్రింగులు: అతిగా గట్టిపరిస్తే విరుగుతాయి, తక్కువైతే చతికిలబడతాయి. మూడోది గొట్టం: అతుకున్న గొట్టమా, లాగిన గొట్టమా అన్న తగువు అక్కడ ఎప్పుడూ నడుస్తుంది. అలంకార వస్తువుగా వెళ్లింది కాబట్టి దాని మీద పరీక్షశాల ముద్ర ఉండదు. అక్కడ ఎవడో రంధ్రం వేసి కాలిస్తే పూచీ ఎవరిది? ఈ తలనొప్పి మనకు అక్కర్లేదు. పేలని వస్తువే చేయాలి. అది ఎన్నటికీ పేలనట్టుగా, నిండు కడ్డీతోనే చేయాలి.

నాలుగోది కర్ర. కర్ర మీద నేను కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను.

ఇండియా ప్యాటర్న్ గొట్టం 39 అంగుళాలు, తుపాకీ మొత్తం 55 అంగుళాల దాకా. కర్ర, భుజానికి ఆనే మడమ నుంచి మూతి దగ్గరిదాకా, ఒకే ముక్క. ఈ నకలులో లాక్ చుట్టూ కర్ర ఎంత దళసరిగా వదిలేశారో వేలితో తడిమి చూడండి. గొట్టానికి రెండు పక్కలా ఉన్న గోడలు కూడా అంతే. అసలుదాంట్లో అవి పలచగా, వెన్నెముకలా గట్టిగా ఉంటాయి. దళసరిగా వదిలేస్తే పని తొందరగా తెములుతుంది, విరిగే భయం ఉండదు. కాని పట్టుకోగానే దుంగలా తగులుతుంది, బరువు ముందుకు వాలుతుంది. పిడికిలి పట్టే సన్నటి చోట మరో తప్పు జరుగుతుంది. అక్కడ కర్ర వంపు తిరుగుతుంది. నార కూడా ఆ వంపుతో పాటే తిరగాలి. నార అడ్డంగా కోసుకుపోతే అక్కడే పుటుక్కున విరుగుతుంది. అందుకే ముక్క ఎంచుకునేటప్పుడే మడమ వైపు నార కిందికి దిగేలా గీత గీసుకోవాలి.

ఏ కర్ర? అసలువాటికి వాల్‌నట్. మనవాళ్లు టేకు, రోజ్‌వుడ్ వాడతారు. రోజ్‌వుడ్ బరువెక్కువ. పైగా 2017 జనవరి నుంచి ఆ జాతి మొత్తం అంతర్జాతీయ వన్యజాతుల ఒప్పందం కిందకు వచ్చింది. దేశం దాటించాలంటే కాగితాలు కావాలి. టేకు బరువు వాల్‌నట్‌కు దగ్గరగా ఉంటుంది. టేకులో సహజంగా నూనె ఉంటుంది. అవిసె నూనె పలచగా, పూతకీ పూతకీ మధ్య బాగా ఆరనిచ్చి పట్టించకపోతే జిగటగా మిగిలిపోతుంది. ఉదయగిరిలో చెంచాలకు వాడే బిక్కి చిన్న చెట్టు. ఇంత పొడవు సూటి ముక్క దాంట్లో రాదు. సరుగుడు మన తీరమంతా బోలెడు. ఆరేటప్పుడు పగుల్తుంది, మెలి తిరుగుతుంది, దీనికి పనికిరాదు. ఎర్రచందనం ముక్క, ఎంత చిన్నదైనా, అలంకారపు బిళ్లకైనా సరే, ముట్టుకోవద్దు. మన కొండల్లో పుట్టిన చెట్టని చేతికి దగ్గరగా ఉండొచ్చు. దాని మీద కేసు మాత్రం బతుకంతా వెంటాడుతుంది.

ఏ కర్ర అయినా అసలు శత్రువు తేమ. నెల్లూరు గాలిలో కర్ర తన బరువులో 13 నుంచి 15 శాతం తేమ పట్టుకుని ఉంటుంది. చలిదేశాల్లో హీటర్లు నడిచే ఇంట్లో అది 6 నుంచి 8 శాతానికి పడిపోతుంది. ఈ తేడాకు 50 మిల్లీమీటర్ల వెడల్పున్న టేకు ముక్క అర మిల్లీమీటరుకు పైగా కుంచించుకుపోతుంది. లోపల బిగించిన ఇనుప లాక్ కుంచించుకోదు. కర్ర పోయే దారి లేక చీలుతుంది. లాక్ గూడు వెనక మూల నుంచి పిడికిలి వైపు పరుగెత్తే సన్నటి బీట మన ఎగుమతి సరుకుల్లో అందుకే వస్తుంది. ఆ తప్పు ఉప్పుగాలిది కాదు, ఆరబెట్టకుండా చేసిన పనిది. దుంగను ముక్కలు కోసి, చివరలకు మైనం పట్టించి, నీడలో గాలి ఆడేలా పేర్చి, చివర్లో కిల్న్‌లో (ఆరబెట్టే బట్టీలో) పెట్టి తేమను 8 నుంచి 10 శాతానికి దించాకే ఉలి పెట్టాలి. తేమ మీటర్ చిన్న పరికరం. చెక్కపని చేసే ప్రతి సంఘం దగ్గరా ఒకటి ఉండాల్సిందే. గొట్టం తోక వెనక వేలిగోరు మందం కన్నా తక్కువ ఖాళీ వదలాలి. లాక్ గూడు గోడల్ని లోపలికి పోయేకొద్దీ కాస్త ఇరుకయ్యేలా కోయాలి. అప్పుడు లాక్ లోపలికి దిగేటప్పుడు అంచు చిట్లదు.

ఇక ఎడమ పక్క జింకు తుపాకీ. మెనోర్కా దీవిలో డెనిక్స్ కంపెనీ ఇలాంటివి చేస్తుంది. జింకులో సుమారు 4 శాతం అల్యూమినియం కలిపిన లోహం. 400 డిగ్రీల లోపే కరుగుతుంది కాబట్టి అచ్చులో గీతగీతా దిగుతుంది. దాన్ని తుపాకీగా మార్చాలని ఎవడు ప్రయత్నించినా చేతుల్లోనే ముక్కలవుతుంది. అది దాని సుగుణం. లోపమేమిటంటే కింద పడితే మూల విరుగుతుంది, విరిగితే మామూలు వెల్డింగు పట్టదు. గోడకూ నాటకానికీ సరిపోతుంది, రోజూ డ్రిల్లుకు సరిపోదు.

చట్టం గురించి శ్రద్ధగా వినండి. 1959 ఆయుధాల చట్టంలో సెక్షన్ 3 ప్రకారం తుపాకీ కలిగి ఉండటానికి, సెక్షన్ 5 ప్రకారం తయారీకి, అమ్మకానికి లైసెన్సు కావాలి. సెక్షన్ 6 నకలు తుపాకీని నిజం తుపాకీగా మార్చడం గురించి ప్రత్యేకంగా చెప్తుంది. లైసెన్సు లేకుండా ఆ పని నేరం. మూతి నుంచి కూరేదే కదా, తాతల నాటిదే కదా అంటే కుదరదు. పంట కాపలాకు వాడే నాటు తుపాకీకి కూడా లైసెన్సు ఉండాల్సిందే. 2019 సవరణ తర్వాత ఒక మనిషి దగ్గర రెండుకు మించి తుపాకులు ఉండకూడదు. సెక్షన్ 45లో ఒక మినహాయింపు ఉంది: మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకీగా పనికిరాని పాత నమూనా ఆయుధానికి. మరమ్మతు చేసినా అన్న మాట దగ్గర ఆగి చదవండి. బోలు గొట్టం పెట్టి రంధ్రం మాత్రం వేయకపోతే చాలదని, నిండు కడ్డీయే కావాలని నేను పట్టుబట్టడానికి కారణం ఆ మాటే. పని మొదలుపెట్టే ముందు నమూనా కొలతలతో కలెక్టరు కార్యాలయానికి అర్జీ పెట్టి, రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.

అసలు పురాతన తుపాకీ చేతికొస్తే? 1972 పురావస్తువుల చట్టం కింద నూరేళ్లు దాటిన వస్తువును దేశం బయటికి పంపకూడదు. అందుకే కొత్త నకలును ఎగుమతి చేసేటప్పుడు ఇది పురావస్తువు కాదని పురావస్తు శాఖ నుంచి సర్టిఫికెట్ తీసుకోవాలి. నకలు ఎంత బాగా కుదిరితే ఆ కాగితం అంత అవసరం అవుతుంది. నకలు అడుగున, కర్రలోపల కనపడని చోట, చేసిన ఏడాది, చేసిన ఊరు లోతుగా ముద్ర వేయండి. మోసానికి దారి అక్కడే మూసుకుపోతుంది. యాసిడ్ పూసి పాతబరిచి, కంపెనీ కాలందని అమ్మేవాళ్లు పర్యాటకులు తిరిగే ఊళ్లలో ఉన్నారు. యాసిడ్ గుంటలు అన్ని చోట్లా ఒకేలా ఉంటాయి. నిజంగా పాతబడింది రంజకం గిన్నె చుట్టూ ఎక్కువ తిని ఉంటుంది, చెయ్యి పడే చోట నున్నగా ఉంటుంది.

ఇక మన జిల్లాల్లో గిరాకీ ఎక్కడుంది? 1928 ఫిబ్రవరి 3న మద్రాసులో సైమన్ కమిషన్ బహిష్కరణ నాడు టంగుటూరి ప్రకాశం గారు తుపాకులకు ఎదురుగా రొమ్ము చూపిన ఘట్టం ఒంగోలు నుంచి కావలి దాకా ఎన్ని బడుల్లో వేస్తారో మీకు తెలుసు. పిల్లల చేతుల్లో ఏం పెడుతున్నాం? అట్టముక్క, లేకపోతే ప్లాస్టిక్ మిషన్‌గన్. ఆనాటి బ్రిటిష్ సైనికుడి చేతి తుపాకీ ఎస్ఎంఎల్ఈ, అంటే లీ-ఎన్‌ఫీల్డ్ పొట్టి రైఫిల్. అదే రైఫిల్‌ను 1857 కథలో సిపాయిల చేతికిచ్చిన నాటకాలూ ఉన్నాయి. ఈషాపూర్ ఫ్యాక్టరీలో ఆ రైఫిల్ తయారీ 1907 ప్రాంతంలో మొదలైంది. 1857 నాటికి కావాల్సింది బ్రౌన్ బెస్ జాతి మస్కెట్ గాని, ఎన్‌ఫీల్డ్ 1853 గాని. ఇలా ఏ కాలానికి ఏది అని తెలిసి చేసేవాడికి బడులు, నాటక సమాజాలు, మ్యూజియంలు, మద్రాసు, హైదరాబాదు సినిమావాళ్లు, అందరూ కొనేవాళ్లే. కొలతలకు ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియం, సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాల గదులున్నాయి. అనుమతి తీసుకుని వెళ్లండి. ఒక్క ఫొటో కన్నా అక్కడి నుంచి రాసుకొచ్చిన పది కొలతలు మేలు. అక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్తాను. ఎన్‌ఫీల్డ్ 1853లా కనిపించేవన్నీ రైఫిళ్లు కావు. 1857 తర్వాత దేశీ సిపాయిలకు మరల్లేని 0.656 అంగుళం మస్కెట్లు ఇచ్చారు. వెనక గురి సాదాగా ఉంటే అనుమానించి మూతిలోకి చూడండి.

ప్రశ్నలుంటే అడగండి.

శ్రోత (ఉదయగిరి): అయ్యా, మాకు పెద్ద దుంగలు రావు. చెంచాల పనిలో ఉన్నవాళ్లం. దేనితో మొదలుపెట్టమంటారు?

ఎస్ఎంఎల్ఈతో అన్నా. దాని కర్ర ముక్కలుగా ఉంటుంది. మడమ ముక్క వేరు, ముందు కర్ర వేరు, పైన చేతికవచం వేరు. మడమను ఇనుప గూట్లోకి దూర్చి లోపలి నుంచి పొడవు బోల్టుతో బిగిస్తారు. కాబట్టి మీకు నాలుగున్నర అడుగుల ముక్క అక్కర్లేదు. ఆనాటి సైన్యంలో మడమ పొడవులు అరంగుళం తేడాతో ఉండేవి. పొట్టివాడికి పొట్టిది, పొడుగువాడికి పొడుగుది. పొట్టిదానికి ఎస్, పొడుగుదానికి ఎల్ అని ముద్ర వేసేవాళ్లు. బడి పిల్లలకు పొట్టిదే చేయండి. మొత్తం పొడవు 44న్నర అంగుళాలకు మించకూడదు. అసలు బరువు సుమారు 4 కిలోలు. క్యాడెట్ల డ్రిల్లుకైతే ఆ బరువు, ఆ తూకం దాదాపు రావాలి. తేలికగా చేస్తే పిల్లలు అలవాటు పడి, డ్రిల్లుకు మాత్రమే వాడే నిజం డీపీ రైఫిల్ చేతికి వచ్చినప్పుడు భుజం దగ్గర తడబడతారు. నాటకానికైతే సగం బరువు చాలు. భారత సైన్యపు రైఫిల్ అని తెలియాలంటే ముందు కర్రకు అడ్డంగా ఒక బిగింపు మర వేయండి. ఈషాపూర్ తుపాకులకు అది గుర్తు.

శ్రోత (కావలి, ఉపాధ్యాయుడు): సార్, బాయొనెట్ కూడా ఉండాలా? నాటకానికి బస్సులో తీసుకెళ్లేటప్పుడు పోలీసులు ఆపితే?

1907 నమూనా బాయొనెట్ అలుగు 17 అంగుళాలు. పిల్లల మధ్య లోహం వద్దే వద్దు. రబ్బరుతో పోసి వెండి రంగు వేయండి, కొన గుండ్రంగా ఉంచండి. ప్రయాణానికి ముందు మీ ఊరి స్టేషన్‌లో ప్రధానోపాధ్యాయుడి ఉత్తరం ఇచ్చి, ఎన్ని వస్తువులో, ఏ తేదీన, ఎక్కడికో రాయించి, రసీదు తీసుకోండి. బస్సులో ఎవరి చేతుల్లోనూ పెట్టొద్దు. పొడవు పెట్టెలో పెట్టి మూసి, లోపల ఏముందో పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి మూత మీద అతికించండి. రసీదు నకలు ఒకటి పెట్టెలో, ఒకటి మీ జేబులో ఉండాలి.